పట్టుబడే దాకా ఉండాలా, సొంతంగా తిరిగి రావాలా?
గల్ఫ్‌లో ఆకామా, వీసా గడువు దాటిపోయిన మన వాళ్లకు, ఇంటి దగ్గర వాళ్ల కుటుంబాలకు

2024 సెప్టెంబర్‌లో ఒక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరుగుతోంది. ఒక పెద్దమ్మ దరఖాస్తు ఏమీ ఇవ్వకుండా నేరుగా ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సారూ, మా పోరడు దుబాయిల ఉన్నడు. ఆమ్నెస్టీ పెట్టిన్రట. ఒకపారి వస్తనంటడు, ఒకపారి రానంటడు. జెర మీరే చెప్పున్రి" అన్నది.

అవతల లైన్‌లో కొడుకు ఉన్నాడు. జీతం సరిగ్గా ఇవ్వడం లేదని కంపెనీ వదిలి బయట పని చేసుకుంటున్నాడు. వీసా పోయి రెండేళ్లు. "అన్నా, ఇప్పుడు వస్తే మళ్ల పోనిస్తరా? అప్పు ఇంకా తీరలే" అని ఒక్కటే అడిగాడు.

ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు నా దగ్గర పూర్తి జవాబు లేదు. తర్వాత తెలుసుకుని చెప్పాను. అదే ప్రశ్న మన జిల్లాలో ఇంకా చాలా ఇళ్లలో ఉంది కాబట్టి ఈ పీడీఎఫ్ తయారు చేశాం. చదివి, అక్కడ ఉన్న మీ వాళ్లకు వాట్సాప్‌లో పంపండి. చదవడం రాని వాళ్లకు చదివి వినిపించండి.

ముందుగా ఒక్క ముక్కలో చెప్పాలంటే: సొంతంగా బయటికి వస్తే తలుపు దగ్గరికి వేసినట్టు. పట్టుబడి పంపిస్తే తాళం వేసినట్టు. ఈ తేడా ఎందుకు వస్తుందో, వచ్చే ముందు ఏం చూసుకోవాలో కింద వివరంగా ఉంది.

ముందు కొన్ని మాటలు

కల్లివెల్లి: కఫీల్‌ను, కంపెనీని వదిలి, చెల్లే వీసా లేకుండా ఉండటాన్ని మన వాళ్లు ఇలా అంటారు. విజిట్ వీసా మీద వెళ్లి గడువు దాటినా స్థితి ఇదే.

ఆమ్నెస్టీ (క్షమాభిక్ష): వీసా లేకుండా ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే కొద్ది కాలపు వెసులుబాటు. ఈ గడువులో బయల్దేరితే జరిమానా ఉండదు, లేదా బాగా తగ్గుతుంది. కొన్నిసార్లు కొత్త యజమాని దొరికితే అక్కడే వీసా సరి చేసుకోనిస్తారు.

ఔట్‌పాస్: పాస్‌పోర్ట్ లేని వాళ్లకు మన ఎంబసీ ఇచ్చే ప్రయాణ పత్రం. దీని అసలు పేరు ఎమర్జెన్సీ సర్టిఫికెట్. ఒక్కసారి ఇండియాకు రావడానికే పనికొస్తుంది.

ఎగ్జిట్ పర్మిట్: "ఇతను మా దేశం విడిచి వెళ్లవచ్చు" అని అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి.

డిపోర్టేషన్: అక్కడి అధికారులు ఉత్తర్వు ఇచ్చి, వేలిముద్రలు తీసి, పోలీసు పహరాలో విమానం ఎక్కించి పంపడం.

చాలామంది ఔట్‌పాస్‌నూ ఎగ్జిట్ పర్మిట్‌నూ ఒకటే అనుకుంటారు. ఔట్‌పాస్ ఇచ్చేది మన ఎంబసీ, ఎగ్జిట్ ఇచ్చేది ఆ దేశం. ఒకటి చేతిలో ఉన్నంత మాత్రాన పని అయిపోదు. ఔట్‌పాస్ ఉంది కదా అని టికెట్ కొని ఎయిర్‌పోర్టుకు పోతే, ఎగ్జిట్ లేదని అక్కడే ఆపుతారు. టికెట్ డబ్బులూ పోతాయి.

రెండు దారులు ఎలా ఉంటాయి?

సొంతంగా వచ్చేవాళ్ల దారి: ఎంబసీకి వెళ్తారు, పాస్‌పోర్ట్ లేకపోతే ఔట్‌పాస్ తీసుకుంటారు. అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసులో ఎగ్జిట్ తీసుకుంటారు. తేదీ చూసుకుని టికెట్ కొంటారు. గదిలో సామాను సర్దుకుంటారు. రావాల్సిన డబ్బు ఉంటే అడుగుతారు, ఇవ్వాల్సింది ఉంటే ఇస్తారు. మామూలు ప్రయాణికుల్లా విమానం ఎక్కుతారు.

పట్టుబడ్డవాళ్ల దారి: రోడ్డు మీదో, పని చేసే చోటో, గదిలోనో తనిఖీ జరుగుతుంది. అక్కడి నుంచి పోలీస్ స్టేషన్‌కు, తర్వాత తర్హీల్ అనే నిర్బంధ కేంద్రానికి తీసుకుపోతారు. వేలిముద్రలు, కంటిపాప స్కాన్ తీసి కంప్యూటర్లో డిపోర్టేషన్ అని రాస్తారు. ఔట్‌పాస్, టికెట్ సిద్ధమయ్యే దాకా లోపలే ఉండాలి. అది కొన్ని రోజులు కావచ్చు, కొన్ని వారాలు కావచ్చు. కేసు ఏదైనా ఉంటే ఇంకా ఎక్కువ. అక్కడి నుంచి నేరుగా విమానం దగ్గరికే తీసుకెళ్తారు. సామాను గదిలోనే ఉండిపోతుంది. మేస్త్రీ దగ్గర రావాల్సిన కూలి అడిగే వీలు ఉండదు.

రెండు దారుల్లోనూ మనిషి ఇంటికే వస్తాడు. అక్కడి రికార్డులో మిగిలేది మాత్రం వేరు. పేరు మార్చినా, కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్నా వేలిముద్ర మారదు. "పాత పాస్‌పోర్ట్ పోయింది, కొత్త దాని మీద పంపిస్తా" అని చెప్పే ఏజెంట్ మాట నమ్మి డబ్బు కట్టినవాళ్లు అక్కడ ఎయిర్‌పోర్టులో వేలు పెట్టగానే వెనక్కి వచ్చేస్తారు.

దేశాల వారీగా

యూఏఈ (దుబాయ్, అబుదాబి, షార్జా మొదలైనవి)

వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాములు జరిమానా. లెక్క వేయండి: నెలకు 1,500, ఏడాదికి 18,250, రెండేళ్లకు 36,500 దిర్హాములు. మన డబ్బుల్లో ఎనిమిది లక్షలకు పైనే. ఇంత కట్టి ఎవరు రాగలరు? అందుకే చాలామంది "ఇంకో ఏడు చూద్దాం" అని ఉండిపోతారు. ఆ ఏడాదిలో జరిమానా ఇంకా పెరుగుతుంది.

2024లో యూఏఈ ఆమ్నెస్టీ సెప్టెంబర్ 1న మొదలైంది. మొదట అక్టోబర్ 31 దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. ఆ నాలుగు నెలల్లో సొంతంగా బయల్దేరిన వాళ్లకు జరిమానా పూర్తిగా రద్దు చేశారు. మళ్లీ రావడానికి నిషేధం పెట్టలేదు. కొత్త యజమాని దొరికిన వాళ్లు అక్కడే వీసా సరి చేసుకున్నారు. కంపెనీ "పారిపోయాడు" అని రాసిచ్చిన వాళ్లకు కూడా, ఆ ఫిర్యాదు సెప్టెంబర్ 1కి ముందుదైతే, అవకాశం ఇచ్చారు. దొంగదారిన దేశంలోకి వచ్చినవాళ్లకు, అప్పటికే డిపోర్టేషన్ ఉత్తర్వు ఉన్నవాళ్లకు మాత్రం ఇవ్వలేదు.

2025 జనవరి నుంచి తనిఖీలు మొదలయ్యాయి. డిపోర్ట్ అయిన మనిషి అక్కడి అధికారుల ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప మళ్లీ యూఏఈలో అడుగు పెట్టకూడదని ఆ దేశ చట్టంలోనే ఉంది.

కువైట్

2024 మార్చి 17 నుంచి జూన్ 17 దాకా ఆమ్నెస్టీ పెట్టి, జూన్ 30 దాకా పొడిగించారు. ఆ గడువులో వెళ్లిపోయిన వాళ్లకు జరిమానా లేదు, కొత్త వీసా మీద తిరిగి రావచ్చు. ఉండాలనుకున్న వాళ్లు జరిమానా కట్టి సరి చేసుకోవచ్చు. గడువు దాటాక దొరికితే పంపించేస్తామని, మళ్లీ రానివ్వమని ముందే ప్రకటించారు.

2025 జనవరి 5 నుంచి కువైట్‌లో కొత్త నివాస చట్టం అమల్లోకి వచ్చింది. అంతకు ముందు జరిమానా ఎంత పెరిగినా 600 దినార్ల దగ్గర ఆగేది. ఇప్పుడు పని వీసా దాటిన వాళ్లకు 1,200 దినార్ల దాకా పోతుంది. అంటే మన డబ్బుల్లో మూడు లక్షలకు పైన.

కువైట్‌లో డిపోర్టేషన్ రెండు రకాలు. ఒకటి కోర్టు తీర్పుతో, రెండోది కోర్టుతో పని లేకుండా హోం శాఖ ఉత్తర్వుతో. ఆకామా లేక దొరికిన మన వాళ్లలో ఎక్కువమంది రెండో రకంలో వస్తారు. "నా మీద కోర్టు కేసు లేదు కదా" అని ధైర్యంగా ఉండటానికి వీల్లేదు.

సౌదీ అరేబియా

సౌదీలో మన వాళ్లను ఎక్కువగా దెబ్బ కొట్టేది హురూబ్. అంటే కఫీల్ "నా పనివాడు పారిపోయాడు" అని ఆన్‌లైన్‌లో నమోదు చేయడం. ఆ సంగతి పనివాడికి తెలియకపోవచ్చు కూడా. ఒక్కోసారి జీతం అడిగినందుకే కక్షతో పెడతారు.

2017 మార్చి 29న సౌదీ 90 రోజుల ఆమ్నెస్టీ పెట్టి, తర్వాత పొడిగించింది. అప్పుడు వెళ్లిపోయిన వాళ్లకు జరిమానాలు తీసేయడమే కాదు, డిపోర్ట్ అయినవాళ్ల వేలిముద్ర నుంచి కూడా మినహాయించారు. ఆ వేలిముద్ర పడితే ఏమవుతుందో తెలిసిన వాళ్లకే ఆ మినహాయింపు విలువ తెలుస్తుంది. తర్హీల్ ద్వారా డిపోర్ట్ అయినవాళ్లు మళ్లీ పని వీసా మీద సౌదీకి వెళ్లలేరు. హజ్, ఉమ్రాలకు మాత్రం అనుమతిస్తారు.

ఇప్పుడు ఆమ్నెస్టీ లేదు కదా, ఏం చేయాలి?

ఆమ్నెస్టీ ఎప్పుడు పెడతారో ఎవరూ చెప్పలేరు. యూఏఈలో 2018 తర్వాత మళ్లీ ఇంత పెద్ద ఆమ్నెస్టీ వచ్చింది 2024లోనే. "వచ్చే రంజాన్‌కు పెడతారట" అని వాట్సాప్‌లో వచ్చేది నమ్మి కూర్చోవద్దు. ఎంబసీ వెబ్‌సైట్‌లో, ఎంబసీ అసలు పేజీలో వస్తేనే నమ్మండి.

ఆమ్నెస్టీ లేకపోయినా సొంతంగా వచ్చే దారి మూసుకుపోలేదు. అది కొంచెం కష్టం, అంతే.

1. ముందు మన ఎంబసీకి గానీ కాన్సులేట్‌కు గానీ ఫోన్ చేయండి. "ఎంబసీకి పోతే పోలీసులకు పట్టిస్తారు" అని క్యాంపుల్లో ఒక మాట తిరుగుతుంది. అది తప్పు. ఎంబసీ మనది, మనల్ని పట్టుకోవడం దాని పని కాదు.

2. సౌదీలో ఆకామా ముగిసినవాళ్లు, హురూబ్ పడ్డవాళ్లు ఎంబసీలో పేరు నమోదు చేసుకోవాలి. అక్కడి కార్మిక శాఖ, జవాజాత్ ద్వారా ఫైనల్ ఎగ్జిట్ కోసం ఎంబసీ ప్రయత్నిస్తుంది. కొన్ని నెలలు పట్టినా ఓపిక పట్టండి. నమోదు రసీదు ఫొటో ఫోన్‌లో ఉంచుకోండి.

3. యూఏఈలో జరిమానా కట్టి ఎగ్జిట్ తీసుకోవచ్చు. జరిమానా తగ్గించమని అక్కడి ఇమిగ్రేషన్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. తగ్గిస్తారని గ్యారంటీ లేదు. కానీ జబ్బు, ఇంట్లో చావు, కంపెనీ మూతపడటం లాంటి కారణాలకు కాగితాలు జత చేస్తే మీ మాటకు బలం ఉంటుంది.

4. కువైట్‌లో కొత్త లెక్క ప్రకారం జరిమానా ఎంతయిందో ముందు తెలుసుకోండి. కొత్త చట్టంలో మొదటి నెల రోజుకు 2 దినార్లు, తర్వాత రోజుకు 4 దినార్లు. ఎంత త్వరగా కదిలితే అంత తక్కువ.

బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

సొంతంగా రావడమే మంచిదని పైన చెప్పాం. కానీ కళ్లు మూసుకుని బయల్దేరవద్దు. ఈ నాలుగూ చూసుకోండి.

మొదటిది, కేసులు. బ్యాంకు లోన్, క్రెడిట్ కార్డు, ఫోన్ బిల్లు బాకీ, చెక్కు బౌన్స్, ఎవరితోనైనా గొడవ. వీటిలో ఏదైనా ఉంటే ప్రయాణ నిషేధం ఉండవచ్చు. ఆమ్నెస్టీ వీసా జరిమానానే మాఫీ చేస్తుంది, అప్పుల కేసును కాదు. ఆ సంగతి తెలియకుండా ఎయిర్‌పోర్టుకు పోతే అక్కడే ఆపి స్టేషన్‌కు పంపుతారు. ఎంబసీలో గానీ, అక్కడి పోలీసుల ఆన్‌లైన్ సేవలో గానీ ముందే చూపించుకోండి.

రెండోది, మీ పేరు మీద సిమ్‌లు, బండ్లు. మీ కార్డు మీద వేరేవాళ్లు సిమ్ తీసుకుని ఉంటే, అద్దె బండి మీ పేరు మీద ఉంటే, ముందే మూసేయించండి. తర్వాత వచ్చే కేసు మీ పేరు మీదే వస్తుంది.

మూడోది, ఎగ్జిట్ తీసుకుని ఆగిపోవడం. ఎగ్జిట్‌కు గడువు ఉంటుంది. యూఏఈ 2024 ఆమ్నెస్టీ మొదట్లో 14 రోజుల్లో వెళ్లాలని పెట్టారు. ఎగ్జిట్ తీసుకుని "ఈ నెల జీతం తీసుకుని పోతా" అని ఉండిపోతే మళ్లీ మొదటికి వస్తుంది. టికెట్ డబ్బు చేతిలో ఉన్నాకే ఎగ్జిట్‌కు పోవడం మంచిది.

నాలుగోది, జీతం బాకీ. దీనికి విడిగా చెప్పాలి.

జీతం బాకీ ఉంటే

"నాకు ఆరు నెలల జీతం రావాలె, అది ఇడిసిపెట్టి ఎట్ల వస్త?" ప్రజావాణికి వచ్చే ఫోన్లలో నేను ఎక్కువగా విన్న మాట ఇదే. ఇది న్యాయమైన మాట. కానీ ఆ జీతం కోసం వీసా లేకుండా ఉండటం వల్ల జీతం రాదు. రోజుకు 50 దిర్హాముల జరిమానా మాత్రం ఆగకుండా వస్తుంది.

బయల్దేరే ముందే అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టండి. యూఏఈలో పని మానేసిన రోజు నుంచి 2 ఏళ్ల లోపు జీతం కోసం దావా వేయవచ్చు. 2024లో మారిన చట్టంలో ఇది ఉంది. ఇంటికి వచ్చాక కూడా కేసు నడవాలంటే, అక్కడ నమ్మకమైన మనిషికో వకీలుకో పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి రావాలి. ఇది ఎంబసీలో రాయించుకోవచ్చు.

ఈ కాగితాలు ఫొటోలు తీసి ఇంటికి పంపండి: పని ఒప్పందం, జీతం చీటీలు, బ్యాంకులో జీతం పడిన మెసేజీలు, గేట్ పాస్, హాజరు కార్డు, మేస్త్రీతో చేసిన వాట్సాప్ మాటలు. ఒప్పందం కాపీ లేకపోతే ఇండియా నుంచి వెళ్లేటప్పుడు ఈ-మైగ్రేట్‌లో నమోదైన వివరాలు పనికొస్తాయి. పట్టుబడి తర్హీల్‌లో ఉన్నప్పుడు ఇవి ఏవీ చేయలేం. సొంతంగా రావడానికి ఇంకో పెద్ద కారణం ఇదే.

ఇంటి దగ్గర వాళ్లు చేయాల్సింది

పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర ఉండిపోయినా, పోయినా, ఔట్‌పాస్ కావాలంటే ఈ మనిషి భారతీయుడే అని ఎంబసీ తేల్చుకోవాలి. ఆలస్యం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. మీరు ఇవి వెతికి ఫొటోలు పంపితే పని తొందరగా అవుతుంది:

పాత పాస్‌పోర్ట్ జిరాక్స్ లేదా దాని నంబర్. ఆధార్ కార్డు. రేషన్ కార్డు, ఓటరు కార్డు. పదో తరగతి మెమో ఉంటే అది. పాత వీసా కాపీ, వెళ్లినప్పటి టికెట్.

విచారణకు ఇంటికి ఎవరైనా వస్తే, లేదా ఫోన్ వస్తే, భయపడి "మాకు తెలియదు" అనవద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఒక ఊళ్లో విచారణకు వచ్చిన వాళ్లను అప్పులవాళ్లు అనుకుని తండ్రి "ఆ పేరోళ్లు ఇక్కడ లేరు" అన్నాడు. కొడుకు ఇంకొన్ని వారాలు లోపలే ఉండాల్సి వచ్చింది.

ఇంకో మాట. "ఔట్‌పాస్ ఇప్పిస్తా, లోపలి నుంచి తీయిస్తా" అని మధ్యవర్తులు ఇంటికే ఫోన్ చేస్తారు. ఔట్‌పాస్‌కు మధ్యవర్తి అక్కర్లేదు. 2024 యూఏఈ ఆమ్నెస్టీలో మన కాన్సులేట్ ఔట్‌పాస్‌ను ఉచితంగానే ఇచ్చింది. ఎవరికీ డబ్బు పంపవద్దు.

టికెట్‌కు డబ్బు లేకపోతే, ఏ సాయం ఉంది?

భారతీయ సముదాయ సంక్షేమ నిధి: అన్ని భారత ఎంబసీల్లో ఉంటుంది. నిజంగా ఆదుకోవాల్సిన వాళ్లకు విమాన టికెట్, కొన్ని రోజుల వసతి, భోజనం, వకీలు సాయం ఇస్తుంది. తప్పు కార్మికుడిది కాదని తేలితే చిన్న జరిమానాలు కూడా కట్టవచ్చు. అడిగితేనే వస్తుంది. రాతపూర్వకంగా అడగండి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన: ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద గల్ఫ్ వెళ్లేవాళ్లు క్లియరెన్స్ అప్పుడే కట్టే బీమా. ప్రీమియం 2 ఏళ్లకు 275 రూపాయలు, 3 ఏళ్లకు 375 రూపాయలు, దాని మీద పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు. కార్మికుడి తప్పు లేకుండా పని మధ్యలో పోయి తిరిగి వస్తే టికెట్ ఖర్చు కూడా అడగవచ్చు. కంపెనీ మారినా పాలసీ పోదు. మీ వాళ్లు వెళ్లినప్పటి పాలసీ కాగితం ఇంట్లో ఎక్కడుందో ఇప్పుడే వెతకండి. గడువు ఉందో లేదో చూడండి.

తెలంగాణ ప్రభుత్వం: గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబానికి 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఉంది. దరఖాస్తు కలెక్టరేట్‌లో ఇవ్వాలి. గల్ఫ్ సమస్యల కోసం హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి 2024 సెప్టెంబర్‌లో మొదలైంది. జిల్లాలో ప్రతి సోమవారం ప్రజావాణిలో కూడా ఇవ్వవచ్చు. మనిషి లోపల ఉన్నప్పుడు, జబ్బుతో ఉన్నప్పుడు, ఆచూకీ లేనప్పుడు కూడా రండి.

మదద్ పోర్టల్: విదేశాంగ శాఖది. ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టవచ్చు. నంబర్ వస్తుంది, దాంతో ఎక్కడిదాకా వచ్చిందో చూడవచ్చు. మీ సేవ కేంద్రంలోనో, చదువుకున్న పిల్లలతోనో పెట్టించుకోండి.

ఫోన్ నంబర్లు: ఇండియాలో ప్రవాసీ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ 1800 11 3090. యూఏఈలో ఉన్నవాళ్లకు 800 46342.

అప్పు సంగతి

ఇది ప్రభుత్వ కాగితాల్లో రాసే విషయం కాదు. కానీ ఇది రాయకుండా ఈ పీడీఎఫ్ పూర్తి కాదు.

మన వాళ్లు వీసా లేకుండా ఉండిపోవడానికి మొదటి కారణం చట్టం తెలియకపోవడం కాదు, అప్పు. ఏజెంటుకు కట్టిన లక్షలు, నూటికి రెండు మూడు రూపాయల వడ్డీ, చెల్లె పెళ్లి, కట్టి ఆగిపోయిన ఇల్లు. రెండో కారణం నలుగురిలో మాట. "దుబాయి పోయి ఉత్త చేతులతో వచ్చిండు" అంటారని.

ఇంటివాళ్లను ఒక్కటి అడుగుతున్నాం. ఫోన్ చేసినప్పుడు "ఇంకొన్ని రోజులు ఉండు బిడ్డా, అప్పు తీర్చి రా" అంటున్నారా? అక్కడ వీసా లేని మనిషికి ప్రతి రోజు ఎలా గడుస్తుందో ఒకసారి అడిగి చూడండి. జబ్బు చేస్తే ఆస్పత్రికి పోవడానికి భయం. పని చేయించుకుని డబ్బు ఎగ్గొట్టినా అడగలేడు. ఇంట్లో తల్లీతండ్రీ పోయినా రాలేడు. పట్టుబడితే అప్పు మాఫీ కాదు, మళ్లీ వెళ్లే దారి మాత్రం పోతుంది. సొంతంగా వస్తే అప్పు అలాగే ఉంటుంది, కానీ సరైన వీసా మీద మళ్లీ వెళ్లి తీర్చే అవకాశమూ ఉంటుంది. వచ్చి ఇక్కడే పని చూసుకుంటానన్నా మంచిదే. ఆ నిర్ణయం తనదిగా ఉండాలి, తర్హీల్‌లో ఇంకొకరు తీసుకున్నది కాకూడదు.

తిరిగి వచ్చాక

ఔట్‌పాస్ మీద వస్తే హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ వాళ్లు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. నిజం చెప్పండి. ఔట్‌పాస్, ఎగ్జిట్ పర్మిట్ రెండింటి ఫొటోలు విమానం ఎక్కే ముందే తీసి ఇంటికి పంపి ఉంచండి. ఔట్‌పాస్ అక్కడే తీసుకున్నా మీ దగ్గర కాపీ ఉంటుంది. కొత్త పాస్‌పోర్ట్‌కు అది కావాలి. పాత పాస్‌పోర్ట్ సంగతి దరఖాస్తులో దాచవద్దు.

"డిపోర్టేషన్ కాదు, సొంతంగా వచ్చాను" అని రేపు చూపించడానికి ఎగ్జిట్ పర్మిటే మీ సాక్ష్యం. ఆ కాగితం పట్టాదారు పాస్‌బుక్ లాగా దాచుకోండి.

మళ్లీ వెళ్లాలనుకుంటే ఈసారి విజిట్ వీసా మీద గానీ, ఆజాద్ వీసా మీద గానీ వెళ్లవద్దు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో పేరు నమోదు చేసుకోండి. బయటి ఏజెంటు అయితే ఈ-మైగ్రేట్‌లో లైసెన్స్ ఉందో లేదో చూసుకోండి. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ ఆఫీసులో అడిగినా చెబుతారు.

చివరగా

మొదట చెప్పిన ఆ పోరడు 2024 నవంబర్‌లో ఎగ్జిట్ తీసుకుని వచ్చేశాడు. టికెట్ డబ్బు గదివాళ్లు తలా కొంత వేసి ఇచ్చారు. అదే గదిలో ఉన్న పక్క ఊరి అతను "జనవరిలో మేస్త్రీ పాత బాకీ ఇస్తా అన్నడు, అది తీసుకుని వస్త" అని ఆగాడు. జనవరిలో తనిఖీలో దొరికాడు. బాకీ రాలేదు, వేలిముద్ర పడింది.

ఇద్దరూ ఇప్పుడు ఊళ్లోనే ఉన్నారు. ఇద్దరికీ అప్పు ఉంది. ఒకరు టామ్‌కామ్‌లో పేరు రాయించుకుని, డ్రైవింగ్ నేర్చుకుంటూ పిలుపు కోసం చూస్తున్నాడు. రెండో అతను మొన్న మా ఆఫీసుకు వచ్చి "సార్, ఆ వేలిముద్ర తీసేపిచ్చే దారి ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు. అది మా చేతిలో గానీ, మన ఎంబసీ చేతిలో గానీ లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ మాట ఇంకొకరికి చెప్పే పరిస్థితి రాకూడదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా ఉంటే ఈ సోమవారమే కలెక్టరేట్‌కు రండి. రాలేకపోతే పైనున్న నంబర్‌కు ఈ రోజే ఫోన్ చేయండి. పేరు, పాస్‌పోర్ట్ నంబర్, ఏ దేశం, వీసా ఎప్పుడు ముగిసింది అనే నాలుగు వివరాలు ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి.

జిల్లా సమాచార, పౌర సంబంధాల శాఖ
(ఉచితంగా పంచేందుకు. అమ్మరాదు. నిబంధనలు మారవచ్చు కాబట్టి బయల్దేరే ముందు ఎంబసీని అడిగి నిర్ధారించుకోండి.)